గుణింతం లేని గని

బైబిల్లో బంగారం ఉంది, వెండి ఉంది, ఇత్తడి స్తంభాలున్నాయి, ఇనుప రథాలున్నాయి. ఆ లోహాలను భూమిలోంచి తవ్వి తీసిన మనుషులు మాత్రం దాదాపు ఎక్కడా కనిపించరు. గనిపనిని కళ్ళకు కట్టినట్టు చెప్పిన చోటు అంత పెద్ద గ్రంథంలో ఒక్కటే: యోబు గ్రంథం 28వ అధ్యాయంలో మొదటి పదకొండు వాక్యాలు. అందులోనూ గనిలోకి దిగిన మనుషుల స్థితి ఏమిటో చెప్పేది నాలుగో వాక్యం ఒక్కటే. తమాషా ఏమిటంటే, హీబ్రూ పండితులను బాగా తిప్పలు పెట్టే వాక్యాల్లో అదీ ఒకటి. రెండు వేల ఏళ్ళుగా దాన్ని గ్రీకులో ఒకలా, లాటిన్‌లో ఇంకోలా, ఇంగ్లీషులో కనీసం రెండు రకాలుగా చదువుతూ వస్తున్నారు. ఎలా చదివామన్నదాన్ని బట్టి ఆ గని కార్మికులు ఎవరన్నది మారిపోతుంది.

నేను పెరిగింది గోదావరిఖనిలో, సింగరేణి క్వార్టర్లలో. మా దిక్కు గనిని ఎవరూ గని అనరు, బాయి అంటారు. మా బాపు కోల్‌ఫిల్లర్‌గా ఏళ్ళ తరబడి బాయికి పోయినవాడు. అందుకే ఈ నాలుగో వాక్యం నాకు పండితుల పేచీగా మాత్రమే కనిపించదు. అయితే ఒక మాట ముందే చెప్పాలి. నేను దీన్ని చదివేది భక్తితో కాదు, వాదించడానికీ కాదు. ఒక పాత కవితను దాని భాషలో, దాని ప్రతుల్లో చదివితే ఏం మిగులుతుంది, ఏం పోతుంది అన్నదే నా ఆసక్తి.

యోబు కథ చాలామందికి తెలుసు. పిల్లలను, పశువులను, ఆరోగ్యాన్ని పోగొట్టుకుని బూడిదలో కూర్చున్న మనిషి. పలకరించడానికి వచ్చిన స్నేహితులు 'నువ్వేదో పాపం చేసే ఉంటావు' అంటారు. తను చేయలేదంటాడు యోబు. ఆ వాదన అధ్యాయాల తరబడి సాగి సాగి, 28వ అధ్యాయానికి వచ్చేసరికి కవి అన్నీ ఆపేసి మనల్ని నేరుగా గనిలోకి తీసుకుపోతాడు. వెండికి ఒక గని ఉంది, బంగారానికి ఒక చోటుంది, ఇనుము మట్టిలోంచి వస్తుంది, రాగి రాయిలోంచి కరిగి వస్తుంది. గద్ద కన్ను చూడని దారి, సింహం తొక్కని దారి భూమి కింద ఉంది. అక్కడ మనిషి చీకటికి హద్దు పెడతాడు, చెకుముకిరాయి మీద చెయ్యేస్తాడు, కొండలను వేళ్ళతో సహా తిరగేస్తాడు. ఇంత చేయగలిగినవాడికి జ్ఞానం ఎక్కడ దొరుకుతుందో మాత్రం తెలియదు. అదీ కవిత చివరికి చేరే చోటు. గని ఇక్కడ పోలికే. కానీ గనులను చూసినవాడో, చూసినవాళ్ళ నోట విన్నవాడో చెప్పిన పోలిక.

*

ఇబ్బంది ఎక్కడుందో అర్థం కావాలంటే పాత హీబ్రూ రాత సంగతి కొంచెం తెలియాలి. అందులో హల్లులే రాసేవారు. అచ్చుల గుర్తులు ఉండేవి కావు. తెలుగులో గుణింతం మొత్తం తీసేశామనుకోండి. 'గన' అని రాసి ఉంటే అది గని కావచ్చు, గాని కావచ్చు, గానం కావచ్చు, గోనె కూడా కావచ్చు. వాక్యం తెలిసినవాడికి సందర్భమే గుణింతం. సందర్భమే అర్థం కానిచోట ఎవరి గుణింతం వారిది.

ఈ రాతకు చుక్కలతో, గీతలతో అచ్చుల గుర్తులు పెట్టినవాళ్ళు మసోరేతులు అనే యూదు పండితులు. 7 నుంచి 10వ శతాబ్దం దాకా, ముఖ్యంగా గలిలయ సముద్రం ఒడ్డున ఉన్న తిబెరియ పట్నంలో ఆ పని జరిగింది. మొత్తం హీబ్రూ బైబిలు లోపం లేకుండా మిగిలిన ప్రతుల్లో అన్నిటికంటే పాతది 1008 నాటిది. ఇప్పుడది సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉంది, లెనిన్‌గ్రాడ్ ప్రతి అనే పిలుస్తారు. యోబు కవికీ ఆ ప్రతికీ మధ్య వెయ్యేళ్ళకు పైనే దూరం. అంటే మనం చదివే హల్లులు చాలా పాతవి, వాటి మీది అచ్చులు ఒక పాత పఠన సంప్రదాయాన్ని మసోరేతులు రాతలో పెట్టినవి. ఆ సంప్రదాయం మీద గౌరవం ఉండాల్సిందే. కానీ అదొక్కటే సంప్రదాయం కాదు.

నాలుగో వాక్యంలోని పదాలను వరసగా పెడితే ఇలా ఉంటాయి. 'పారత్స్', అంటే బద్దలుకొట్టాడు. 'నహల్', అంటే వాగు. వాగు కోసుకుపోయిన లోయ కూడా నహలే, అందుకని ఇక్కడ సొరంగం అని అర్థం చెప్పుకునేవాళ్ళున్నారు. ఆ తర్వాత 'దగ్గర నుంచి' అనే మాట, దాని పక్కన రెండే హల్లులు: గ్ర్. ఆపైన 'అడుగు మరిచినవాళ్ళు', 'వేలాడారు', 'మనుషులకు దూరంగా', 'ఊగారు'. అంతే. మధ్యలో అతుకులు లేవు. ఎవరు బద్దలుకొట్టారో, ఎవరు వేలాడారో కవి విడమరచి చెప్పలేదు.

ఆ గ్ర్‌కు 'ఆ'త్వం ఇచ్చి గార్ అని చదివితే నివాసం ఉండేవాడు. 'ఏ'త్వం ఇచ్చి గేర్ అంటే పరదేశి, వేరే చోటి నుంచి వచ్చి బతుకుతున్నవాడు. 'ఈ'త్వం ఇచ్చి గీర్ అంటే సున్నం. యెషయా గ్రంథం 27వ అధ్యాయంలో సున్నపురాళ్ళ ప్రస్తావన వచ్చే చోట ఉన్నవీ ఇవే రెండు హల్లులు. మసోరేతులు గార్ అన్నారు. వాళ్ళకంటే ముందు చదివినవాళ్ళు అలా అనలేదు.

*

క్రీస్తుకు ముందు రెండో శతాబ్దం ప్రాంతంలో యోబును గ్రీకులోకి తెచ్చారు. ఆ అనువాదం మూలం కంటే దాదాపు ఆరో వంతు తక్కువ ఉండేది. ఈ గని అధ్యాయంలో కూడా 14 నుంచి 19 దాకా వాక్యాలు అందులో లేవు. మూడో శతాబ్దంలో ఓరిగెన్ అనే పండితుడు ఆ ఖాళీలను వేరే గ్రీకు అనువాదం నుంచి పూరించి, పూరించిన చోటల్లా నక్షత్రం గుర్తు పెట్టాడు. ఇప్పుడు మనకు దొరికే గ్రీకు యోబు ఆ అతుకులతో ఉన్నదే. అందులో నాలుగో వాక్యం చదివితే ఆశ్చర్యం వేస్తుంది. గ్ర్ ఉన్నచోట దుమ్మో సున్నమో అనిపించే మాట ఉంది, అంటే గీర్ అని చదివినట్టుంది. అక్కడితో ఆగితే బాగుండేది. 'అడుగు మరిచినవాళ్ళు' అన్నచోట గ్రీకులో 'న్యాయమైన దారిని మరిచినవాళ్ళు' అని ఉంది. వాళ్ళు బలహీనపడ్డారట, మనుషుల్లో లేకుండా పోయారట.

ఒక్క మలుపులో ఎంత తేడా వచ్చిందో చూడండి. హీబ్రూలో వాళ్ళు లోకం మరిచిపోయినవాళ్ళు. గ్రీకులో వాళ్ళే మరిచిపోయినవాళ్ళు. తప్పు పైనున్నవాడి నుంచి కిందున్నవాడి మీదకి జారింది. గని మాయమై అక్కడొక నీతిబోధ మిగిలింది. అనువాదకుడు కావాలని చేశాడని నేననను. ఎదురుగా ఉన్నది అర్థం కానప్పుడు తెలిసిన ధర్మసూత్రం వైపు చెయ్యి పోవడం సహజం. కానీ ఈ గ్రీకు పాఠాన్నే శతాబ్దాల తరబడి జనం చదువుకున్నారు.

నాలుగో శతాబ్దం చివర్లో జెరోమ్ హీబ్రూ నుంచే లాటిన్‌లోకి తెచ్చాడు. యోబు కోసం ఆయన లుద్ద అనే ఊరి నుంచి ఒక యూదు గురువును బాగానే డబ్బిచ్చి పెట్టుకున్నాడు. అయినా ఈ గ్రంథం పాముచేప లాంటిదని, ఎంత గట్టిగా పట్టుకుంటే అంత తొందరగా జారిపోతుందని తన ముందుమాటలో వాపోయాడు. ఆయన ఈ వాక్యంలో 'దగ్గర నుంచి' అన్న మాటకు కూడా అచ్చు మార్చి 'జనం నుంచి' అని చదివాడు. గ్ర్‌ను గేర్ వైపు లాగాడు. దాంతో ఊరు విడిచి తిరుగుతున్న జనం వచ్చారు, పేదవాడి అడుగు కూడా మరిచినవాళ్ళు వచ్చారు. పేదవాడు ఎక్కడి నుంచి వచ్చాడంటే 'వేలాడారు' అన్న పదంలోంచి. ఆ క్రియలో ఉన్న హల్లులతోనే హీబ్రూలో 'దల్' అనే మాట ఉంది, దానికి బక్కచిక్కినవాడు, బీదవాడు అని అర్థం. గ్రీకువాడి బలహీనులూ, జెరోమ్ పేదవాడూ ఒకే బొగ్గుపెళ్ళ నుంచి రాలినవాళ్ళే.

1611 నాటి ఇంగ్లీషు కింగ్ జేమ్స్ అనువాదకులు నహల్‌ను వాగుగానే ఉంచేశారు. వాళ్ళ పాఠంలో జనావాసం దగ్గర వరద బద్దలవుతుంది. మరి ఆ మరవబడినవాళ్ళెవరు? నీళ్ళు అన్నారు. మూలంలో నీళ్ళు అనే మాట లేదు. లేదని వాళ్ళకూ తెలుసు, అందుకే తాము కలిపిన మాట అని తెలిసేలా దాన్ని వేరే అచ్చులో వేశారు. ఆ నీళ్ళు ఇంకిపోయి మనుషులకు దూరమవుతాయి. ఈ పాఠంలో గనిలో మనిషే లేడు. 1885లో వచ్చిన రివైజ్డ్ వెర్షన్ దాన్ని పూర్తిగా మార్చింది. నహల్ సొరంగం అయ్యింది, పైన నడిచే పాదం కింద ఉన్నవాళ్ళను మరిచిపోయింది, వాళ్ళు జనానికి దూరంగా తాళ్ళకు వేలాడుతూ ఊగుతున్నారు.

తెలుగు బైబిలు చరిత్ర ఇంకో పెద్ద కథ. 1727-32 మధ్య బెంజమిన్ షుల్జ్ చేసిన అనువాదం అచ్చుకే నోచుకోలేదు. 1805లో విశాఖపట్నం వచ్చిన క్రాన్, డెస్‌గ్రాంజెస్ అనే మిషనరీలకు ఆనందరాయర్ అనే తెలుగు పండితుడు తోడయ్యాడు. శ్రీరాంపూర్‌లో 1818లో కొత్త నిబంధన వచ్చింది. మొత్తం బైబిలు 1854కు గానీ రాలేదు. ఇవాళ మన చర్చిల్లో ఎక్కువగా కనిపించే పాత తెలుగు పాఠం, ఈ వాక్యం వరకు, రివైజ్డ్ వెర్షన్ పోయిన దారిలోనే పోయింది. అంటే గోదావరిఖని కాలనీ చర్చిలో కూర్చుని యోబు తెరిచినవాళ్ళకు కనిపించేది వరద కాదు, పాపులు కాదు. భూమి అడుగున పనిచేస్తూ పైవాళ్ళు మరిచిన మనుషులు.

*

ఒకసారి బాపుకు ఈ వాక్యాన్ని రెండు రకాలుగానూ చెప్పాను. కింగ్ జేమ్స్ వరద సంగతి వినగానే ఆయన మాట్లాడలేదు. ఎందుకో మా ఊరి వాళ్ళకు చెప్పనక్కర్లేదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీళ్ళు చొచ్చుకొచ్చి 17 మంది చనిపోయారు. బొగ్గు తీసేసిన పాత తవ్వకాల్లో నీళ్ళు నిలుస్తాయి. వాటికీ, పని జరుగుతున్న చోటికీ మధ్య అడ్డుగా ఉండేది వదిలేసిన బొగ్గు గోడే. నీళ్ళు బద్దలై రావడం అన్న మాట మా దగ్గర కవిత్వం కాదు. 1611 నాటి అనువాదకులు గని అనుకోకుండా రాసిన పాఠం, గనిలో అన్నిటికంటే ఎక్కువ భయపెట్టే సంగతిని పట్టుకుంది. వాళ్ళకు తెలియకుండానే.

రెండో పాఠం, అదే తెలుగు బైబిలు పాఠం చెబితే మాత్రం బాపు ఒప్పుకోలేదు.

'పైనోళ్ళు మరుసుడేంది బిడ్డా? దిగెటోని లెక్క పైన్నే ఉంటది. మస్టరు పడ్తది. టోపీలైటు నంబరు రాసుకుంటరు. షిఫ్టు అయినంక లైటు వాపసు రాకుంటే మనిషి కిందనే ఉన్నట్టు. ఎవ్వరు చెప్పకున్నా ఆ ఖాళీ నంబరే చెప్తది.'

కాసేపాగి ఆయనే అన్నాడు: 'లెక్కల ఉండుడు వేరే. యాదిల ఉండుడు వేరే.'

ఈ ఒక్క మాటతో నాకు ఆ వాక్యంలోని 'అడుగు' అర్థమైనట్టనిపించింది. కవి రాజు మరిచాడనలేదు, యజమాని మరిచాడనలేదు. రాగెల్, అడుగు, పాదం మరిచిందన్నాడు. పైన నడిచిపోయేవాడికి తన కాలి కింద ఏముందో తెలియదు. యైటింక్లైన్ కాలనీ రోడ్డు మీద బండి నడుపుకుంటూ పోయే మనిషి కింద ఎన్ని అడుగుల లోతున ఎవరు సపోర్టు కడుతున్నారో అనుకోడు. అది ద్వేషం కాదు, అలవాటు.

*

ఇంకా పాత ప్రతి ఏదైనా దొరికితే గ్ర్ గొడవ తేలిపోతుంది కదా అనిపించవచ్చు. దొరికింది, కానీ తేల్చలేదు. మృత సముద్రం దగ్గర కుమ్రాన్ గుహల్లో యోబు హీబ్రూ ముక్కలు కొన్ని బయటపడ్డాయి. వాటిలో ఈ వాక్యం లేదు. 1956లో 11వ గుహలో యోబుకు అరమాయిక్ అనువాదం దొరికింది, 1971లో అచ్చయింది. అందులో మా గని అధ్యాయం చిరుగులుగా మాత్రమే మిగిలింది. యోబు అరమాయిక్ ప్రతి గురించి తల్మూదులో ఒక పాత కథ కూడా ఉంది. యెరూషలేము దేవాలయపు కొండ మీద గమలీయేలు అనే పెద్దాయన దగ్గరకు అలాంటి ప్రతి ఒకటి తెస్తే, దాన్ని గోడ కట్టే రాళ్ళ వరస కింద పూడ్చేయమని మేస్త్రీకి చెప్పాడట. భూమిని తవ్వే కవిత ఉన్న పుస్తకానికి ఈ పూడికలు, తవ్వకాలు తప్పలేదు.

ప్రతులు తేల్చలేనిచోట ఒక్కోసారి భాష తేలుస్తుంది. 11వ వాక్యం దానికి మంచి ఉదాహరణ. మసోరేతుల పాఠం ప్రకారం గని మనిషి 'నదులను ఏడవకుండా కడతాడు'. ఆ కట్టడం కూడా గాయానికి గుడ్డ కట్టడానికి వాడే క్రియే. కప్పు నుంచి కారే ఊటను ఏడుపు అనడం, దానికి కట్టు కట్టడం. బాయిలో పంపులు ఆగితే ఏమవుతుందో తెలిసినవాళ్ళకు ఇంతకంటే మంచి మాట దొరకదు. తెలుగు బైబిలు ఏడుపును వదిలేసి నీళ్ళు కారిపోకుండా గట్టు వేయడంగా చెప్పింది.

అయితే 1929లో సిరియా తీరంలో రాస్ షమ్రా దగ్గర తవ్వకాలు మొదలయ్యాయి. ఉగారిత్ అనే ప్రాచీన నగరం బయటపడింది, దానితో మట్టి పలకలు, హీబ్రూకు దగ్గరి చుట్టమైన ఒక భాష. మరుసటి ఏడే ఆ లిపిని చదవగలిగారు. చదివినవారిలో ఒకరైన దోర్మ్ అప్పటికే, 1926లో, యోబు మీద పెద్ద వ్యాఖ్యానం రాసినవాడు. ఆ పలకల్లో ఏల్ అనే దేవుడు ఉండే చోటు పేరు మళ్ళీ మళ్ళీ వస్తుంది: రెండు నదుల ఊట. 'ఊట' అన్న ఆ మాట హల్లులు, మన యోబులో 'ఏడవకుండా' అని చదివిన హల్లులు ఒకటే. గుణింతం మారిస్తే మనిషి నదుల ఏడుపు ఆపడం లేదు, నదులు పుట్టే చోటు దాకా తవ్వుకుంటూ పోతున్నాడు. పాత గ్రీకు అనువాదంలో కూడా ఇక్కడ ఏడుపు లేదు, నదుల లోతులను బయటపెట్టడమే ఉంది. ఒకదానికొకటి తెలియని రెండు సాక్ష్యాలు ఒకే మాట చెబుతున్నాయి. నాకు ఏడుపే ఇష్టం. కానీ సాక్ష్యం ఊట వైపుంది, కాబట్టి ఊటకే ఒప్పుకుంటాను. పైగా అప్పుడు కవిత వాదన కూడా బిగుస్తుంది: దేవుళ్ళుండే చోటు దాకా తవ్వినా జ్ఞానం దొరకలేదు.

ఐదో వాక్యంలో ఇలాంటిదే ఇంకో చిన్న సంగతి. భూమి పైన తిండి పండుతుంది, కింద అది తలకిందులవుతుంది. 'నిప్పులా' అంటుంది హీబ్రూ. 'నిప్పుతో' అంటాడు జెరోమ్. హీబ్రూ లిపిలో ఈ తేడా ఒకే అక్షరం. మన ప, వ లాగా ఆ రెండు అక్షరాలూ చూడ్డానికి దగ్గరగా ఉంటాయి. 'నిప్పులా' అంటే పోలిక, 'నిప్పుతో' అంటే పని. ఎందుకంటే గట్టి రాయిని మంటతో కాల్చి పగలగొట్టడం పాత గనుల్లో నిజంగా ఉన్న పద్ధతి. పైన వరి, కింద గాలి తగిలితే తనంతట తానే రాజుకునే బొగ్గు ఉన్న రామగుండం వాళ్ళకు ఏ పాఠమైనా కొత్తగా అనిపించదు.

*

ఇక నాకు అన్నిటికంటే ఆశపెట్టిన పాఠం. హీబ్రూ చతురస్ర లిపిలో గ, న అక్షరాలు కూడా ఒకదానికొకటి పోలి ఉంటాయి. గ్ర్‌ను న్ర్‌గా, నేర్‌గా చదివితే దీపం. 20వ శతాబ్దంలో లెరోయ్ వాటర్‌మన్ అనే అమెరికన్ పండితుడు దీన్నే పట్టుకుని 'దీపం జనం' అన్నాడు. గని కార్మికులకు అది పేరట. దీనికి బయట ఆసరా కూడా ఉంది. క్రీస్తుకు ముందు ఒకటో శతాబ్దంలో డియోడోరస్ అనే గ్రీకు చరిత్రకారుడు, తనకంటే ముందటి అగతార్కిదెస్ రచన ఆధారంగా, ఈజిప్టు బంగారు గనులను వర్ణించాడు. శిక్షపడ్డవాళ్ళు, యుద్ధఖైదీలు, కొన్నిసార్లు వాళ్ళ బంధువులు కూడా, సొరంగాల్లో నుదుటికి దీపాలు కట్టుకుని పనిచేసేవారట. టోపీలైటు! రెండు వేల ఏళ్ళ కిందటి టోపీలైటు.

సింగరేణి పిల్లలెవరికైనా ఈ పాఠం చూస్తే గుండె ఆగుతుంది. బైబిల్లో మా బాపు లైటు ఉందని చెప్పుకోవాలనిపిస్తుంది. కానీ ఉందని చెప్పలేం. ఏ హీబ్రూ ప్రతిలోనూ ఆ న లేదు. గ్రీకువాడు దీపం చూడలేదు, జెరోమ్ చూడలేదు. అది తెలివైన ఊహ, అందమైన ఊహ, అంతవరకే. ఊట విషయంలో రెండు సాక్ష్యాలు నా ఇష్టానికి ఎదురు నిలబడ్డాయి, ఒప్పుకున్నాను. దీపం విషయంలో నా ఇష్టం తప్ప సాక్ష్యమే లేదు, కాబట్టి పక్కన పెడతాను. ఒకచోట ఒక న్యాయం, ఇంకోచోట ఇంకో న్యాయం పెట్టుకుంటే మనం పాత పుస్తకం చదవడం లేదు, అద్దం చూసుకుంటున్నాం. గ్రీకు అనువాదకుడు చేసింది కూడా అదే కదా, గనిలో తన నీతిని చూసుకున్నాడు.

మరి ఈ వాక్యంలో అనుమానం లేనిదేమీ లేదా? ఒకటుంది. దానికి గుణింతం మార్చనక్కర్లేదు, అక్షరం మార్చనక్కర్లేదు. మసోరేతుల హీబ్రూలో 'బద్దలుకొట్టాడు' ఏకవచనం. 'మరిచినవాళ్ళు, వేలాడారు, ఊగారు', మూడూ బహువచనాలు. వాక్యం మధ్యలో 'అతను' కాస్తా 'వాళ్ళు' అయిపోయాడు. సొరంగం తెరిచింది ఒకరు. అందులో వేలాడింది చాలామంది. అధ్యాయంలో ముందూ వెనకా గనిపని అంతా 'అతను' పేరునే నడుస్తుంది: అతను చీకటికి హద్దు పెట్టాడు, అతను కొండలు తిరగేశాడు, అతను రాళ్ళలో కాలువలు తొలిచాడు. ఘనకార్యాలన్నీ ఏకవచనం. మరుపు, వేలాట, ఊగులాట మాత్రం బహువచనం. పదకొండు వాక్యాల్లో 'గనిపనివాడు' అనే నామవాచకం ఒక్కసారి కూడా రాదు.

అనువాదాలు ఈ అతుకును సాఫు చేశాయి. కింగ్ జేమ్స్ ఆ బహువచనాన్ని నీళ్ళకిచ్చేసింది. తెలుగు బైబిలు మొదటి సగాన్ని కూడా బహువచనం చేసి 'మనుష్యులు' అన్న కర్తను తెచ్చిపెట్టింది. గేర్ అని చదివే ఆధునిక పండితుల్లో కొందరు పదాలను వేరేగా విడగొట్టి 'పరదేశి జనం సొరంగాలు తెరిచారు' అన్నారు, అప్పుడూ అంతా బహువచనమే. ప్రతి ఒక్కరికీ ఒక కారణం ఉంది. కానీ ఉన్న హల్లులను ఉన్నట్టు చదివితే ఆ తేడా అలాగే ఉంటుంది. కవి కావాలని చేశాడా, హీబ్రూ కవిత్వంలో మామూలుగా జరిగే వచనమార్పా అని వాదించుకోవచ్చు. అక్కడ లేదని మాత్రం ఎవరూ అనలేరు.

1870ల్లో విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు కనిపెట్టాడని మా స్కూలు పుస్తకాల్లో ఉండేది. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ, 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ. చరిత్ర ఎప్పుడూ అలాగే రాస్తారు, తెరిచినవాడు ఏకవచనంలో, పేరుతో సహా. తట్టలతో బొగ్గు మోసినవాళ్ళు, పల్లెలు విడిచి వచ్చినవాళ్ళు, ఇవాళ ఓపెన్‌కాస్టుల్లో కాంట్రాక్టు కింద మట్టి తీస్తున్నవాళ్ళు 'కార్మికులు' అనే బహువచనంలో ఉంటారు. గేర్ అన్న పాఠం రుజువు కాకపోయినా వాళ్ళలో చాలామంది గేర్‌లే.

ఇంకో సంగతి చెప్పి ముగిస్తాను. హీబ్రూ రాసే అక్షరాలు ఎక్కడివి? 1905లో ఫ్లిండర్స్ పీట్రీ సీనాయి ఎడారిలో సెరాబిత్ అల్ ఖాదిం అనే చోట కొన్ని గీతలు చూశాడు. అవి అక్షరమాలతో రాసిన రాతల్లో మనకు దొరికినంతవరకు అత్యంత పాతవాటిలో చేరతాయి. 1916లో అలన్ గార్డినర్ వాటిలో 'బఅలత్', అమ్మవారు, అన్న పేరు చదివాడు. ఆ చోటు ఒక గని. ఈజిప్టు రాజులు అక్కడ ఫిరోజా రాయి తవ్వించేవారు, కనాను నుంచి వచ్చిన పరదేశులు పనికి వచ్చేవారు. ఈజిప్టు బొమ్మల రాత చదవడం రాని ఆ పరదేశులే బొమ్మలను చూసి అక్షరాలు చేసుకున్నారని ఓర్లీ గోల్డ్‌వాసర్ అనే పండితురాలి వాదన. ఆ వాదనను అందరూ ఒప్పుకోరు. రాతలు గని దగ్గర ఉన్నాయన్నది మాత్రం వాదన కాదు, రాయి మీదున్న నిజం. గుణింతం లేని ఆ అక్షరాల పిల్లల పిల్లలతోనే తర్వాతెప్పుడో యోబు కవి, గ్ర్ అని రాశాడు.

తెలుగు బైబిలు కొత్త ముద్రణ వేసేవాళ్ళు ఎవరైనా ఇది చదివితే, 28వ అధ్యాయం నాలుగో వాక్యం కింద చిన్న అచ్చులో ఒక్క గమనిక వేయమని అడుగుతాను. 'హీబ్రూలో ఈ మాట స్పష్టంగా లేదు' అని చాలు. దాని పక్కనే, చోటుంటే ఇంకో ముక్క: 'మొదటి క్రియ ఏకవచనం, తర్వాతివి బహువచనం'. మిగతాది చదివేవాళ్ళు చూసుకుంటారు, ముఖ్యంగా నైట్‌షిఫ్టు దిగి వచ్చి చదివేవాళ్ళు.